బాల్టిమోర్ రిహార్సల్‌లో హంగేరీ పియానిస్టు

1983 వసంతంలో మేం బాల్టిమోర్ వెళ్లింది ఊరు చూడటానికి కాదు. మా ఆవిడ మెర్సీ పియానో మానేస్తానని భీష్మించుకుని కూర్చుంది. వాషింగ్టన్ శివార్లలో, షాంటిలీ దగ్గర ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగే మా తెలుగు ఆరాధనకు వాయించేది ఆమే. ఆమె ఒక వేగంలో వెళ్తే పాడేవాళ్లు, ముఖ్యంగా సరోజినీ ఆంటీ, ఇంకో వేగంలో వచ్చేవారు. ఈస్టర్ నాడైతే కీర్తన నడిమధ్యలో రెండు ముక్కలైంది. "ఈ ఆదివారమే ఆఖరండి. ఇంకెవరినైనా చూసుకోమని పాస్టర్‌గారికి చెప్పేశాను," అంది. పియానో లేని మెర్సీని ఊహించుకుంటేనే నాకు భయం వేసింది.

ఆమె విని విని అరగదీసిన రికార్డు ఒకటుంది, ఒక హంగేరీ పియానిస్టుది. ఆయన బాల్టిమోర్ వస్తున్నాడని, శనివారం ఉదయం రిహార్సల్‌కి ఎవరైనా వెళ్లవచ్చని పేపర్లో చూశాను. ఎనిమిదింటికి బయలుదేరి, బెల్ట్‌వే అనే రింగు రోడ్డు మీద వాషింగ్టన్‌ను చుట్టి 95వ నంబరు హైవే ఎక్కితే గంటన్నర ప్రయాణం. దారిపొడవునా మెర్సీ ఆయన కథ చెప్పింది. చిన్నతనంలోనే బుడాపెస్ట్‌లో కచేరీలు, 1956లో అక్కడ జరిగిన తిరుగుబాటు తర్వాత దేశం సరిహద్దు దాటడం, అమెరికాలో హైస్కూల్ ఆడిటోరియాలలో కూడా వాయించి పేరు తెచ్చుకోవడం, యాభై దాటాక ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ కావడం.

టికెట్ చవకే, పార్కింగే ఎక్కువైంది. "ఆయన వీపు చూస్తారా, ముఖం చూస్తారా?" అని కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూ అడిగింది. పియానో మూత తీసేసి, ఆర్కెస్ట్రా వైపు తిరిగి కూర్చుని, వాయిస్తూనే వాళ్లని నడిపిస్తాడట. ముఖమే కావాలని పక్క బాల్కనీ తీసుకున్నాం.

రిహార్సల్ మొదలైన కాసేపటికి ఫ్లూట్ వెనకబడింది. "చూడండి, ఇప్పుడు తిడతాడు," అని మెర్సీ నా చెవిలో అంది. ఆయన తిట్టలేదు. మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటు రాగానే చేతులు పైకెత్తి, మాకు వినపడేంతగా ఊపిరి తీసుకున్నాడు. ఫ్లూట్ ఆయనతో కలిసింది.

విరామంలో మెర్సీ బిడియం పక్కనపెట్టి స్టేజి దగ్గరికి వెళ్లింది. "సర్, చర్చిలో నేను వాయిస్తే పాడేవాళ్లు నాతో రారు."

"వాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారు?" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

"ఎప్పుడూ గమనించలేదు సర్," అంది మెర్సీ.

"నాకూ తెలిసేది కాదు. పియానోకి ఊపిరితో పని లేదు కదా! అన్నేళ్లూ ఒక్కణ్నే వాయించాను, ఎవరికోసం ఆగాలి? కండక్టర్‌నయ్యాకే ఎదురుగా మనుషులున్నారని తెలిసింది. మొదట్లో పాపం, వాళ్లు నన్ను భరించారు."

రిహార్సల్ అయ్యాక హార్బర్ దగ్గర బెంచీ మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మెర్సీ కీర్తన లోలోపల పాడుకుంటూ ప్రతి పాదం చివర ఆగి చూసుకుంటోంది. నేనేమో ఆయన గురించే ఆలోచిస్తున్నాను. దేశం వదిలొచ్చి, ఇంత పేరు గడించి, ఆ వయసులో మళ్లీ మొదటినుంచి నేర్చుకున్న మనిషి. తనకు తెలియనిదాన్ని పరాయివాళ్లతో అంత తేలిగ్గా చెప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం కలిగింది. మీరు ఇలాంటి కచేరీకి వెళ్తే ఉదయం రిహార్సల్‌కే వెళ్లండి, స్టేజి పక్కనో వెనకో సీటు అడగండి.

మర్నాడు ఆరాధనలో, ప్రతి పాదం చివర మెర్సీ చేతులెత్తి సరోజినీ ఆంటీ వైపు చూస్తూ ఆగింది. మొదటి చరణం కాస్త తడబడింది. మూడో చరణానికి అందరూ ఒక్క గొంతుతో పాడారు. నాకు కళ్లు చెమర్చాయి.

బయటికొస్తూ ఆంటీ మెర్సీ బుగ్గ నిమిరింది. "ఇన్నాళ్లకి మా పాట నేర్చుకున్నావే పిల్లా!"

"అవునాంటీ," అంది మెర్సీ. "వచ్చే ఆదివారానికి ఇంకోటి నేర్పించండి."