కిలో పైకి చెప్పని బురుల్చా

“పాప బరువు తగ్గింది కదూ అక్కా? నాకు తెలుసు, తగ్గింది!” అన్నాడు పాప తండ్రి ఎర్మెక్.

నరీన్ ఊళ్లోని పిల్లల ఆసుపత్రిలో తూకం వేసే బురుల్చా ఎవరికీ తొందరపడి జవాబు చెప్పదు. ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. పిల్ల మణికట్టుకున్న తాయెత్తు విప్పమని అడగదు, దాని బరువు కంటితోనే అంచనా కట్టి తీసేస్తుంది. చివరికి గ్రాములు మాత్రమే పైకి చెబుతుంది. మొత్తం తూకం నలుగురి చెవినా పడితే దిష్టి తగులుతుందని, కిలోలెన్నో కన్నవాళ్ల అరచేతిలో వేలితో తట్టి చెబుతుంది.

“నూట యాభై,” అని ఈరోజు ఎర్మెక్ చేతిలో మూడుసార్లు తట్టింది. పోయిన గురువారమూ మూడే, కానీ గ్రాములు రెండు వందలు. బడిలో ఫిజిక్స్ చెప్పే ఎర్మెక్‌కు వెయ్యి గ్రాములు చేరితేనే కిలో అని ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగో తట్టు ఇంకెంత దూరమో వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

“ఇంట్లో రోజుకెన్నిసార్లు తూస్తున్నావు మాస్టారూ?”

“పాలు తాగిన ప్రతిసారీ... ఎనిమిది.”

“నిద్రపోయే పిల్లని లేపి తూస్తే, ఎక్కిన గ్రాము కాస్తా ఏడ్చి ఏడ్చి దిగిపోతుంది. నా దగ్గర మాత్రం మంత్రముందా నాయనా? రెండేసి గంటలకోసారి పాలు పట్టండి. గ్రాముల సంగతి పిల్ల చూసుకుంటుంది, కిలోల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఎత్తుకో, చాలు.”

ఎర్మెక్ మళ్లీ గురువారం వచ్చేదాకా పాపను దించకుండా ఎత్తుకునే ఉన్నాడు.