సరోజగారి రాజు ఎత్తు

2022లో నేను పుదుచ్చేరిలో, పిల్లలకు చెస్ నేర్పే యాప్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. సొంతూరు యానాం. ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రామ్, అంటే చెస్ ఇంజిన్, నా పని.

ఏ ఇంజినూ అన్ని ఎత్తులనూ చివరిదాకా చూడలేదు. పనికిరావనిపించిన దారులను మధ్యలోనే వదిలేస్తుంది. దాన్ని ప్రూనింగ్ అంటాం. అందులో నల్ మూవ్ అనే పద్ధతి ఒకటుంది. మన ఎత్తు తర్వాత ప్రత్యర్థి ఏదీ కదపకుండా ఊరుకున్నా అతని ఆట బాగానే ఉందనుకోండి. కదిపితే ఇంకా బాగుంటుంది కదా అని ఇంజిన్ మన ఎత్తును కొట్టిపారేస్తుంది. చాలాసార్లు అది నిజమే. కానీ పావులు తగ్గిపోయాక, అంటే ఎండ్‌గేమ్‌లో, కదపక తప్పకపోవడమే కొంప ముంచే స్థితులు వస్తాయి. అక్కడ ఈ పద్ధతిని ఆపెయ్యాలి. ఫోన్లలో వేగం తగ్గుతుందని మా మేనేజర్ ప్రకాశ్ ఆపనివ్వలేదు.

ఆ ఏడాది ఒక ప్రైవేటు స్కూలు చెస్ కోచ్ ఉద్యోగానికి పరీక్ష పెట్టి, దిద్దే పని మా ఇంజిన్‌కు అప్పగించింది. ఫలితాలు వచ్చాక దగ్గర్లోని బాహూరు నుంచి జి. సరోజగారు మా ఆఫీసుకు వచ్చారు. ఊళ్లో పిల్లలకు చెస్ నేర్పే మనిషి. ఒకే ఒక్క ప్రశ్న తప్పని తేలడంతో ఆ ఉద్యోగం చేజారింది. సంచిలోంచి బోర్డు తీసి నా బల్ల మీద పరిచారు.

"ఏంది తమ్ముడూ ఇది? రాజును ఈడికి జరిపినాను. మీ మిషను తప్పంటాది. యాడ తప్పో నువ్వే చూపించు."

తెల్ల రాజు, ఒక బంటు. ఎదురుగా నల్ల రాజు ఒక్కటే. అది ఎటు జరిగినా, బంటు చివరి గడి చేరి మంత్రి కావడానికి దారి వదలాల్సిందే. నేను నల్ మూవ్ ఆపి ఇంజిన్‌ను మళ్లీ నడిపాను. ఆమె ఎత్తే గెలుపని వెంటనే చూపించింది.

పరుగున వెళ్లి ప్రకాశ్‌కు చెప్పాను.

"ఒక్క ప్రశ్న కోసం క్లయింట్ ముందు పరువు తీసుకుంటామా? నెక్స్ట్ వెర్షన్‌లో సైలెంట్‌గా ఫిక్స్ చేసెయ్."

"ఆవిడ ఉద్యోగం పోయింది సార్!"

"అది స్కూల్ వాళ్ల నిర్ణయం. మనది కాదు."

ఒళ్లు మండిపోయింది. దిద్దింది మేము. చెస్ తెలిసిన ఒక్క మనిషైనా ఆ జవాబును బోర్డు మీద పెట్టి చూడలేదు. ఆయనకు చెప్పకుండానే సరోజగారితో స్కూలుకు వెళ్లాను.

ప్రిన్సిపల్‌గారు మొదట వినలేదు. "కంప్యూటర్ కన్నా మీకెక్కువ తెలుసా అమ్మా?" అన్నారు.

సరోజగారు బోర్డు ముందుకు జరిపారు. "నల్లది మీరే ఆడండి మేడమ్."

ప్రిన్సిపల్‌గారు రాజు మీద చెయ్యిపెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "కదపకుండా ఉండొచ్చా?"

"ఉండకూడదు మేడమ్. ఉండొచ్చని అనుకొనే మీ కంప్యూటరు నాది తప్పనింది."

ప్రిన్సిపల్‌గారు రాజును జరిపి బంటుకు దారి వదిలారు, తప్పు ఇంజిన్‌దేనని ఒప్పుకున్నారు. అప్పటికే వేరొకరు ఉద్యోగంలో చేరిపోయారు. చిన్న తరగతులకు సాయంత్రం క్లాసులు మాత్రం సరోజగారికి ఇచ్చారు. ఆమెకు దక్కాల్సింది అది కాదు.

నాకు ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. తర్వాతి వెర్షన్‌లో నల్ మూవ్‌ను సరిచేశాం. "ఎండ్‌గేమ్‌లో మరింత కచ్చితత్వం" అని కంపెనీ గొప్పగా ప్రకటించుకుంది. సరోజగారికి క్షమాపణ చెబుతూ ఒక ఫోనైనా చెయ్యలేదు. తలచుకుంటే ఇప్పటికీ రక్తం ఉడికిపోతుంది.

ప్రూనింగ్ లేకుండా ఇంజిన్ రాయలేం, ఈరోజుకీ వాడుతున్నాను. కానీ ఇంజిన్ ఎవరి ఎత్తునైనా తప్పంటే, అది చూడకుండా వదిలేసిన దారులను నేను కూర్చుని చూస్తాను. ఆలస్యమవుతోందని అరిచేవాళ్లను అరవనిస్తాను.