పుల్లల డబ్బాలో లేని నంబరు

పిల్లలు ఆవిడకు డిటెక్టివ్ టీచరు అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు. సుద్దముక్క విరిగి ఉంటే ఎవరు విరిచారో తేలేదాకా పాఠం మొదలుపెట్టని మనిషి. కూరగాయలవాడు నవ్వుతూ పలకరిస్తే ముందు తక్కెడ వైపు చూసే మనిషి. అలాంటావిడకు పక్క క్లాసుకు కొత్తగా వచ్చిన లెక్కల మేష్టారి మీద అనుమానం రాకుండా ఉంటుందా?

ఆ కుర్రాడు ఏదో శిక్షణకు వెళ్లొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నోరు తెరిస్తే పరిశోధనలే. పిల్లల నంబర్లు రాసిన ఐస్‌క్రీం పుల్లలు ఓ పాత బిస్కెట్ డబ్బాలో వేశాడు. ముందు ప్రశ్న అడగాలట. అందరూ ఆలోచించేదాకా మాట్లాడకుండా నిలబడాలట. ఆ తర్వాతే పుల్ల తీసి, ఎవరి నంబరు వస్తే వాళ్లను లేపాలట. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్ల బుర్రలు సెలవు పెట్టేస్తాయట!

"చెయ్యెత్తినవాళ్లని అడిగే ఇన్నేళ్లూ చెప్పాం. మన పిల్లలేం చెడిపోయారయ్యా?" అని ఆవిడ స్టాఫ్ రూములో అందరి ముందూ అతన్ని కడిగేసింది.

"చెయ్యెత్తని వాళ్ల సంగతేంటి మేడమ్?" అని మాత్రం అని అతను ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆవిడకు నచ్చలేదు. వీడు మనసులో ఏదో పెట్టుకున్నాడు అనుకుంది.

పైగా ఆవిడ కూతురు చదివేది అతని క్లాసులోనే. రెండు క్లాసులకూ మధ్య గోడ లేదు, చెక్క అడ్డు ఉంది. తన పిల్లలకు రాతపని అప్పగించి ఆవిడ ఆ చెక్కకు చెవి ఆనించేది. పుల్లలు గలగలమనేవి. ఎవరో ఒకరు లేచి తడుముకుంటూ జవాబు చెప్పేవారు. వెనక బెంచీ అల్లరి మూక గొంతులు కూడా వినపడ్డాయి. కూతురి గొంతు మాత్రం ఒక్కనాడూ వినపడలేదు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. నా మీద కోపం పసిదాని మీద తీర్చుకుంటాడా?

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆ క్లాసులోకి దూరి డబ్బాను బల్ల మీద బోర్లించింది. అందరి నంబర్లూ ఉన్నాయి. కూతురిది లేదు. ఇంకేం కావాలి! డబ్బా చంకన పెట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదిలో వాలిపోయింది.

కుర్రాణ్ని పిలిపించారు. అతను తెల్లమొహం వేశాడు. "అందరివీ నేనే రాశానండీ. అది ఎలా పోయిందో తెలీదు."

"పోలేదు, పోగొట్టావు," అంది డిటెక్టివ్ టీచరు.

హెడ్మిస్ట్రెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈ గొడవంతా ఎందుకు గానీ, రేపట్నుంచి ఆ డబ్బా వద్దులే బాబూ," అంది. అతను క్లాసుకు వెళ్లిపోయాడు. డబ్బా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం దాన్ని యుద్ధం గెలిచొచ్చినట్టు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, కుక్కరు ఎక్కించింది. కూతురు డబ్బాను చూసి బిగుసుకుపోయింది. అవి డిటెక్టివ్ కళ్లాయె, ఊరుకుంటాయా?

"ఏంటే అలా చూస్తున్నావు?"

ఆ పిల్ల జామెట్రీ బాక్సు తెరిచి, అడుగున దాచిన పుల్ల తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఓసి నీ దుంపతెగ! నువ్వే తీశావా? ఎందుకు, ఆయన తిడతాడా?"

"తిట్టరు. ఆగుతారు. ఎంతసేపైనా అలా ఆగుతూనే ఉంటారు. నాకు భయమేస్తుంది."

"ఆగితే భయమేంటే?"

"నీ దగ్గరైతే ఏ భయమూ లేదమ్మా. నేను ఆలోచించేలోపు నువ్వే చెప్పేస్తావుగా."

నిజమే. హోంవర్కు దగ్గరా, డాక్టరు దగ్గరా, చుట్టాలెవరైనా 'ఏం చదువుతున్నావమ్మా' అని పిల్లనే అడిగినా, జవాబు తనదే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పొద్దున్నే వెళ్లి ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాలి, హెడ్మిస్ట్రెస్ ముందు తల దించుకోవాలి. అదంతా ఎలాగో చెయ్యొచ్చు. అంతకంటే కష్టమైన పని ఎదురుగా నిలబడి ఉంది.

"డబ్బా రేపు తిరిగిచ్చేస్తాను. ఇది అందులో వేస్తావా?" అని అడిగింది.

పిల్ల నేల చూపులు చూసింది. 'వేస్తావులే, ఎందుకు వెయ్యవు' అన్న మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టింది. కుక్కరు కూత పెట్టింది. ఆవిడ కదల్లేదు. అది మళ్లీ కూసింది.

"వేస్తాను," అంది చివరికి కూతురు. "కానీ నువ్వు చెక్కకి చెవి పెట్టకూడదు. నీ గాజుల చప్పుడు మాకందరికీ వినపడుతుంది."