మోడ్ ఫోల్డరులో మా రూటు బస్సు

మెడికల్ టెస్టులో డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, పాదానికి ఏదైనా తగిలితే చెప్పమంది. నేను తగిలింది, తగిలింది అంటూనే ఉన్నాను. ఆమె అప్పటికింకా తాకనేలేదట. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది, బస్సు నడపడానికి పనికిరాడు అని రాసేసింది. హన్మకొండ నుంచి హైదరాబాదుకు ఏళ్ళ తరబడి బస్సు నడిపినవాణ్ణి, ఆ ఒక్క సంతకంతో ఇంటికొచ్చి కూర్చున్నాను. ఏడుస్తానేమోనని ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. నాకేమీ అనిపించలేదు. అన్నం తిన్నాను, టీవీ చూశాను, పడుకున్నాను. మర్నాడూ అంతే.

కొన్నాళ్ళకు ఒక దోస్తు ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా డిపోలోనే డ్రైవరు, ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో బస్సుల వ్యవహారం చూస్తున్నాడు.

"అన్నా, మా బస్సుకు డ్రైవర్ కావాలె. పిల్లలను తీస్కపోవుడు, తీస్కొచ్చుడు, గంతే. లైసెన్సు ఉన్నది గదా, ఈడ గా పరీక్షలన్నీ ఎవలు అడుగుతాండ్రు? జర జల్ది చెప్పు."

ఆలోచించి చెప్తానన్నాను. తేలవలసింది ఒకటే, నా కాళ్ళు పనిచేస్తాయా, చేయవా. డాక్టరమ్మ మాట నేను నమ్మలేదు. మంచం మీద పడుకోబెట్టి గిల్లితే డ్రైవరు కాలు ఏం చెప్తుంది? బ్రేకు మీద పెట్టించి చూడాలి.

డిగ్రీ చదివే మా బిడ్డ హాస్టలుకు వెళ్తూ, నాకు పొద్దు పోవాలని తన పాత కంప్యూటరులో బస్సు నడిపే ఆట ఒకటి వేసి, స్నేహితురాలి దగ్గరున్న స్టీరింగు, పెడళ్ళు తెచ్చి బిగించి పోయింది. కూర్చుని చూస్తే స్టీరింగు ఎడమ పక్కన ఉంది. రోడ్డేమో ఏదో మంచు దేశానిది. ఫోన్ చేసి, "అంతా ఉల్టా ఉన్నది గదనే" అన్నాను.

"మోడ్స్ ఏస్కో డాడీ. మన బస్సులు, మన రోడ్లు ఎవలెవలో తయారుజేసి పెట్టిండ్రు. వీడియో చూస్తె నీకే సమజైతది."

మోడ్ అంటే ఆటకు బయటి నుంచి తెచ్చి తగిలించే సామాను. బస్సు ఒక ఫైలు, రోడ్ల మ్యాపు ఒక ఫైలు, హారను ఇంకో ఫైలు. వీడియోలో చెప్పేవాడు రైలందుకోవాలన్నట్టు మాట్లాడుతున్నాడు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాను. దిగిన జిప్ ఫైలును విప్పకుండానే పెడితే ఆట గుర్తుపట్టలేదు. విప్పి, ఆట ఇన్‌స్టాల్ అయిన చోట పెట్టాను. అక్కడ కాదట, డాక్యుమెంట్స్ లోపల మోడ్ అనే ఫోల్డరు ఉందట. అది కనబడగానే, దొరికినవన్నీ దించి, జాతర బస్సులో కుక్కినట్టు కుక్కి, అన్నింటికీ టిక్కు పెట్టాను. ఆట తెరుచుకుంటూనే మూసుకుపోయింది.

బిడ్డ తిట్టింది. "ఒక్కటి పెట్టు, ఆట నడుస్తుందో లేదో చూడు, అప్పుడు ఇంకోటి పెట్టు. వర్షన్ కలువకపోతే తీసెయ్."

అన్నీ తీసేశాను. బస్సు ఒక్కటే పెడితే ఆట నడిచింది. మ్యాపు నా ఆట వర్షనుకు కుదరలేదు, దాని పాత ఫైలు వెతికి తెచ్చాను. పనిలో పడితే హుషారొస్తుందంటారు. నాకు రాలేదు. చేతులు చేస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం మా రూటు బస్సు తెర మీద నిలబడింది. స్టీరింగు కుడివైపు. ఇంజను ఆన్ చేసి గేరు వేశాను. వేసి, అలాగే కూర్చున్నాను. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ కాసేపు చూసింది.

"ఏందయ్యా, పోతలేవు?"

"కండక్టర్ రైట్ అనలే."

నవ్వుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని నా ఎడమ పక్కన కూర్చుని, "రైట్ రైట్" అంది.

బాగా నడిపాను. మలుపుల్లో చేతులు వాటంతటవే తిరిగాయి. సాయంత్రమే దోస్తుకు సరేనని చెప్పేద్దామనుకున్నాను. ఆ మ్యాపు చేసినవాడెవడోగానీ మా దారిలోని స్టేషన్ ఘన్‌పూర్ బోర్డు కూడా పెట్టాడు. దాని కింద స్టాపులో మనుషులు నిలబడి ఉన్నారు.

"హోల్డాన్" అంది మా ఆవిడ.

బ్రేకు తొక్కాను. బస్సు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. స్టాపులో నిలబడ్డవాళ్ళ మీది నుంచే పోయి స్తంభానికి గుద్దుకుని ఆగింది.

"మోడ్ ఖరాబున్నది" అన్నాను. "బ్రేకు పనిజేస్తలేదు. తీసేసి మళ్ల పెట్టాలె."

ఆమె తెర వైపు చూడటం లేదు. కాశిబుగ్గలో, నేతవాళ్ళ ఇంట్లో, మగ్గం గుంతలో కాళ్ళు ఆడిస్తూ పెరిగిన మనిషి. ఎవరిని చూసినా ముందు కాళ్ళే చూస్తుంది.

"మోడ్ మంచిగనే ఉన్నది" అంది మెల్లగా. "నీ కాలు చూడు."

వంగి చూశాను. నా కుడి పాదం బ్రేకు పక్కన, నేల మీద ఉంది. నేలనే తొక్కుతున్నాను. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా తొక్కుతున్నాను. కళ్ళతో చూస్తే తప్ప ఆ సంగతి నాకు తెలియలేదు. భయమేసింది. మా ఆవిడ వంగి, ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది.

సాయంత్రం దోస్తుకు ఫోన్ చేసి, రానని చెప్పాను.

"ఎందుకన్నా? నీ అసొంటోడు నడుపుడు మర్చిపోతడా?"

"నడుపుడు మర్వలే తమ్మీ" అన్నాను. "ఆపుడు అయితలేదు. పిల్లలు ఎక్కె బస్సు."