మా బావగారి వాటాకొచ్చిన గాలి మిషను

మా బావగారు పోయారు. మా ఆయనకు సొంత అన్న. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. కబురు తెచ్చినవాడు మా తోటికోడలి తమ్ముడు. నేను చింతపండు పిసుకుతున్నాను. చేతులు కడుక్కుని పరుగున వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టేశారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ పోట్లాట సగంలో వదిలేసి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోతారా ఎవరైనా?

చోడవరంలో ఇప్పుడు ఎవరిని కదిపినా ఆయన దేవుడంటున్నారు. నేను అనను. ఆయన మొండి. నోరు దురుసు. మా పెద్దపిల్ల ఓణీల ఫంక్షనుకి పక్క వీధిలోంచి రాలేదు. పంపకాలయిన దగ్గర్నుంచి మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. అలాంటి మనిషిని తలుచుకుంటూ ఈ నాలుగు మాటలు రాయడం దేనికంటే, నా మెడలో తాడు నిలిచి ఉందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఆ సంగతి తలుచుకున్నా నాకు కోపమే వస్తుంది. ఎందుకో మీరే వినండి.

అరవైల చివర్లో అన్నదమ్ములిద్దరూ కలిసి విశాఖపట్నంలో మిలటరీ వేలానికి వెళ్ళి ఒక పాత జీపు తెచ్చారు. దాంతో పాటు ఒక గాలి మిషను కూడా వచ్చింది. చంకలో పెట్టుకుని తీసుకుపోయేంత ఇనప వస్తువు. దానికో పొడుగాటి రబ్బరు గొట్టం. జీపు ఇంజనులో ఒక ప్లగ్గు విప్పి, ఆ కంతలో దీన్ని బిగించి ఇంజను వేస్తే, గొట్టంలోంచి గాలి బుస్సుమని వస్తుంది. మిగిలిన ప్లగ్గులతో ఇంజను తడబడుతూ ఆడుతుంది కాబట్టి, అది ఆగిపోకుండా ఒక మనిషి డ్రైవరు సీట్లో కూర్చుని కాలు తొక్కిపట్టాలి. ఇంకో మనిషి గొట్టం పట్టుకుని టైర్ల చుట్టూ తిరగాలి. అంటే అది ఇద్దరు మనుషుల పని.

ఈ గాలి గొడవంతా ఏటి కోసం. దేవరాపల్లి వైపు, ఏటి అవతల ఊళ్ళకి బస్సు లేదు. ఎండాకాలం ఏరు ఎండిపోయి అంతా ఇసకే. నిండుగా గాలి ఉన్న టైరు ఇసకలో దిగిపోతుంది. అందుకని ఇవతలి ఒడ్డున టైర్లలో గాలి తీసేయాలి. టైరు కాస్త పొట్ట వేశాక జీపు ఇసక మీద హాయిగా పోతుంది. అవతలి ఒడ్డెక్కాక మళ్ళీ గాలి నింపాలి, లేకపోతే రాళ్ళదారిలో ట్యూబులు చిరిగిపోతాయి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఇదే తంతు.

గాలి తియ్యడంలో బావగారిది ఒక పద్ధతి. మేకుతో వాల్వు నొక్కిపట్టి, కళ్ళు మూసుకుని, చెవి టైరు దగ్గర పెట్టేవారు. ఆ చప్పుడు సన్నబడుతుంటే తల ఊపేవారు. "గాలి తీడానికేటి, ఎవడైనా తీస్తాడు. మళ్ళీ గాలి పెట్టగలిగినోడే మేకు ముట్టాలి," అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. కొత్త కోడలిగా ఉన్నప్పుడు గొప్పగా అనిపించేది. తరవాత్తరవాత వింటే చిరాకు పుట్టేది.

ఎందుకు విడిపోయారంటే ఆస్తి తగాదా ఏమీ లేదు. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. దుమ్ము తగిలితే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. జీపు అమ్మేద్దామన్నారు అన్న. అమ్మనన్నాడు తమ్ముడు. అప్పుడే జీపుకి బేరాలు పుంజుకుంటున్నాయి, బెల్లం వర్తకులు మా ఇంటి ముందు కాచుకుని కూర్చునేవారు. తమ్ముడు బాగుపడుతుంటే చూడలేకపోతున్నారని నేను అనుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు. మాటా మాటా పెరిగి పంపకాల దాకా వచ్చింది.

మావైపు పంపకాల్లో పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను. జీపూ మెరక పొలమూ ఒక వాటా. కాలవ కింద మడిచెక్కా, ఎద్దులూ, పాకలో సామానూ ఇంకో వాటా అన్నారు బావగారు. మా ఆయన ఇంకో ఆలోచన లేకుండా జీపు కోరుకున్నాడు. పెద్దమనుషులు లేవబోతుంటే బావగారు పాకలోకి వెళ్ళి గాలి మిషను తెచ్చి తన పక్కన పెట్టుకున్నారు.

"అదేటన్నయ్యా, అది జీపుతో వచ్చిందే కదా?" అన్నాడు మా ఆయన.

"పాకలో సామాను నా వాటా. ఇది పాకలో ఉంది," అన్నారాయన.

పెద్దమనుషులకు జీపెక్కడం తెలుసు గాని మిషను సంగతి తెలీదు. "ఓ ఇనప ముక్క కోసం గొడవేటి, ఒగ్గీరా," అని మా ఆయన్నే కసిరారు. అలా జీపు మాకూ, దాని గాలి వాళ్ళకూ వచ్చింది. జీపు లేకుండా ఆ మిషను ఎందుకూ పనికిరాదు. అది తెలిసి కూడా తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకున్నారు. ఇంతకన్నా పాడుబుద్ధి ఉంటుందా? ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ ఎండాకాలమంతా మా ఆయన చేతి పంపుతో గాలి కొట్టాడు. జీపు టైరుకి చేతి పంపంటే మాటలు కాదు. పంపు కొట్టడం, రొమ్ము పట్టుకుని కూర్చోవడం, మళ్ళీ లేచి కొట్టడం. ఇంటికొస్తే ముద్ద దిగేది కాదు. నేను వేన్నీళ్ళ కాపడం పెడుతూ, పక్క వీధిలో మంచం కింద ఉన్న మిషన్ని తలుచుకుని ఆ ఇంటిల్లిపాదినీ తిట్టేదాన్ని. అడగమంటే ఈయన అడగడు. అడక్కపోతే ఆయన ఇవ్వరు.

చివరికి ఒకరోజు అవతలి ఒడ్డున పంపు మీదే తూలి పడిపోయాడు. కూడా ఉన్న బెల్లం వర్తకుడు బండి కట్టించి ఇంటికి చేర్చాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. డాక్టరు ఇంజక్షను ఇచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు. బావగారు చూడటానికి రాలేదు. మా తోటికోడలు వచ్చి ఏడ్చి వెళ్ళింది. ఆ రాకపోవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

మా ఆయన తేరుకుని మళ్ళీ జీపు తీసిన రోజు, బస్టాండు దగ్గర పాసింజర్లతో పాటు బావగారు కూడా వెనక ఎక్కారట. ఒళ్ళో గోనెసంచి చుట్టిన మిషను. ఎవరితోనూ పలకలేదు. ఇవతలి ఒడ్డున దిగి మేకుతో గాలి తీశారు, ఎక్కారు. అవతలి ఒడ్డున దిగి, బానెట్టు ఎత్తి మిషను బిగించారు, గాలి నింపారు, మిషను విప్పి సంచిలో చుట్టుకుని మళ్ళీ ఎక్కారు. మా ఆయన సీట్లోంచి కదల్లేదు, వెనక్కి తిరగలేదు. కాలు మాత్రం తొక్కిపట్టాడు. సాయంత్రం చోడవరంలో దిగి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు.

మర్నాడూ అంతే. ఏళ్ళ తరబడి అంతే. మీరు నమ్మరు గాని, ఒక్క మాట అనుకోలేదు. ఏదైనా చెప్పాల్సొస్తే పాసింజర్లకి చెప్పేవారు బావగారు. "ఎనకాల ఎడం టైరు గాలి దిగిపోతంది, డ్రైవరుకి సెప్పండి." అది విని మా ఆయన, "తెలుసని సెప్పండి," అనేవాడు. సంతకెళ్ళే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవారు. జీపులో ఎవరైనా బీడీ వెలిగిస్తే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. "పెట్రోలు బండిరా, ఆర్పీ! అందర్నీ కాల్చీగలవు!" అని లాగి పారేసేవారు. అదే మనిషి ఇంటి పెరట్లో పెట్రోలు డబ్బా పక్కన కూర్చుని చుట్ట కాల్చడం నేను కళ్ళారా చూశాను.

నాకు సహించలేదు. అంత చేసేవారు ఆ మిషను జీపులో పడేసి ఊరుకోవచ్చు కదా? పొద్దున్నే మోసుకురావడం, సాయంత్రం మోసుకుపోవడం, మేం దొంగలమైనట్టు! ఒకరోజు పట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. మావైపు మరదలు బావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. తలుపు చాటునుంచి, పక్కనున్న పిల్లలకు చెప్పినట్టు చెబుతుంది. నేను వాకిట్లో నిలబడి సూటిగా అడిగాను.

"బావగారూ, ఆ మిషను మాకిచ్చీండి. ఎంతకిస్తారో సెప్పండి."

"అది అమ్మకానికి లేదమ్మా."

"మరెందుకేటి మీకు? ముగ్గులోకి పనికొస్తదా, పప్పులోకి పనికొస్తదా?"

ఆయన మిషను తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టారు. నావైపు చూడకుండా, నేలవైపు చూస్తూ అన్నారు. "మిషను ఇచ్చీసేననుకో, ఆడు ఎవడో పాసింజరు సేత కాలు తొక్కించీసి ఒక్కడే ఎలిపోతాడు. మళ్ళీ పడిపోతే ఎత్తుకొచ్చీవోడెవడు? జీపు మానీరా అంటే మానేడా? ఇది నా కాడుంటేనే కదా, నాను లేకండా ఆడు ఏరు దాటలేడు."

మెత్తబడ్డానని మాత్రం అనుకోకండి. ఇంకా గట్టిగా అరిచాను. "ఈ మాట పంపకాల్రోజునే అనుంటే ఏటి పోయేది మీకు? ఆ ఎండాకాలమంతా పంపు కొట్టి సచ్చి బతికేడు కదా!"

"కొట్టలేక నన్ను పిలుస్తాడనుకున్నానమ్మా," అన్నారు. "పిలిచేడు కాడు."

అంతే. నేను కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకు చెప్పాను. విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడైనా మాట్లాడతాడేమోనని చూశాను. మాట్లాడలేదు. ఒకరు పిలవరు, ఒకరు చెప్పరు. ఆ ఇద్దరి మధ్య ఎండిపోయింది నేను.

ఆయన పోయిన రోజు మా ఆయన పాడె మోశాడు. కన్నీటి చుక్క రాలేదు, పెదవి విప్పలేదు. ఊళ్ళోవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కర్మ అయిపోయాక మా తోటికోడలు గోనెసంచి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మీ బావగారు ఇమ్మని సెప్పలేదే. నానే ఇస్తన్నాను," అంది. చెప్పరని నాకు తెలుసు.

మర్నాడు ఏటి అవతలికి బేరం ఉంది. వద్దన్నా మా ఆయన ఆగడు కాబట్టి నేను వెనక ఎక్కి కూర్చున్నాను, మిషను ఒళ్ళో పెట్టుకుని. ఇవతలి ఒడ్డున టైర్లలో గాలి తానే తీశాడు. ఇసక దాటాం. అవతలి ఒడ్డెక్కాక ఇంజను కట్టేసి, స్టీరింగు మీద చేతులు వేసి, ఎప్పటిలాగే ముందుకు చూస్తూ కూర్చున్నాడు. వెనక మనిషి దిగి బానెట్టు ఎత్తేదాకా అలా కూర్చోవడం అలవాటైపోయింది. నేను దిగాల్సింది. గోనెసంచి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పాసింజర్లు తలలు దించుకున్నారు. ఎవరూ దిగరే అన్నట్టు మా ఆయన కాసేపు చూశాడు.

వెనక్కి మాత్రం తిరగలేదు. "దిగన్నయ్యా," అన్నాడు. "ఎండెక్కిపోతంది."

జీపులో ఎవరూ కదల్లేదు. నాలుగు టైర్లూ పొట్టలు వేసుకుని ఇసక అంచున అలాగే ఉన్నాయి.