స్లాబు రోజు దావత్

జవహర్ అంటే నాకు మొదటి నుంచీ పడదు. మాడుగులపల్లి దగ్గరి తండా పిల్లవాడు, కోదాడలో సివిల్ డిప్లొమా చదివేవాడు. మిర్యాలగూడలో ఒక మిల్లు సేటుకు మేము ఇల్లు కడుతుంటే, తొంభై నాలుగు వేసవిలో అక్కడికి ట్రైనింగుకు వచ్చాడు. ఆర్నెల్లు పని నేర్చాడని కంట్రాక్టరు సంతకం పెడితేనే డిప్లొమా చేతికొస్తుందట. ఇరవై ఏళ్లు తాపీ పట్టిన నాకు, నిన్నగాక మొన్న టేపు పట్టినవాడు గోడ వంకరని చెబితే ఒళ్లు మండదా? గోడ నిజంగానే వంకరగా ఉండేది. అందుకే ఇంకా మండేది.

వాళ్లమ్మ రంగి అదే పనిలో తట్టలు మోసేది. కొడుకు చదువు ఆ తట్టల మీదే నడిచింది.

స్లాబు రోజు సేటు యాటను కోయించాడు. మా వైపు అది ఆనవాయితీ. మధ్యాహ్నానికి సగం స్లాబు పడేసరికి కింద కూర ఉడికిన వాసన పైకొచ్చింది. "ఇగ ఆపుండ్రి. తిన్నంక మిగిలింది పోద్దం" అన్నాడు కంట్రాక్టరు.

జవహర్ అడ్డం నిలబడ్డాడు. "మధ్యల ఆపితే ఆరిన కాంక్రీటుకు కొత్త మాలు పట్టదు సార్. వానకు గాడ్నే కారుతది. సగం మంది తింటే సగం మంది పోస్తరు."

"సంతకం కావాల్నా, వద్దా నీకు?"

జవహర్ మా వైపు తిరిగాడు. వాళ్లమ్మే అందుకుంది. "పొద్దుగాల సంది మోస్తున్న బిడ్డా. నీ సదువు నా కడుపు నింపుతదా?"

అందరం నవ్వాం. నేనైతే కావాలనే గట్టిగా నవ్వాను.

రెండు గంటలు తిన్నాం. అతను తినలేదు. ఎండకు ఆరిపోతున్న అంచు మీద తడి గోనెసంచులు కప్పుతూ పైనే ఉన్నాడు. మళ్లీ మొదలుపెట్టే ముందు, పాతదానికి కొత్తది అంటుకునేలా అంచు మీద సిమెంటు పాలు పోద్దామన్నాడు. "నువ్వే తాగు" అన్నాను.

తొలకరికి హాలు మధ్యలో గీత గీసినట్టు నీళ్లు కారాయి. సేటు అందరినీ నిలబెట్టి అడిగాడు. "ట్రైనింగు పిలగాడు దగ్గరుండి పోయించిండు సేటూ. నడుమ ఆపించింది గూడ వాడే" అన్నాడు కంట్రాక్టరు.

రంగి ముందుకొచ్చింది. "నా కొడుకు వద్దన్నడు. వాన్ని తిట్టి తినవోయింది నేను."

"కన్నతల్లివి, గట్లనే అంటవ్" అని సేటు నా వైపు తిరిగాడు. "నువ్ సెప్పు మత్తయ్యా. ఆపుమన్నదెవరు?"

కంట్రాక్టరు నన్నే చూస్తున్నాడు. వచ్చే నెల సూర్యాపేటలో అతని పని మొదలవుతుంది.

"పిలగాడే" అన్నాను.

జవహర్ నాతో కొట్లాడలేదు. కొట్లాడితే బాగుండేది. ఆ సంతకం పడలేదు, డిప్లొమా రాలేదు. ఇప్పుడు వేములపల్లిలో ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడని విన్నాను.

నేను ఆ మాట అన్న మర్నాడు రంగి పనికి వచ్చింది. గోడ మీద నుంచి మాలు తట్ట కోసం చెయ్యి చాచాను. ఆమె దాన్ని నా చేతికివ్వకుండా నేల మీద పెట్టి వెళ్లిపోయింది. దిగి నేనే ఎత్తుకున్నాను.