సాపు చేసిన రేకు

ఎర్ర సముద్రం ఏటా కాస్త కాస్త వెడల్పవుతోంది. ఆ లాగుడుకు ఒడ్డున ఉన్న భూమి పొరల పాత పగుళ్లు కదులుతున్నాయా లేదా అని ఉపగ్రహ చిత్రాలతో కొలవడం నా ఉద్యోగం. సౌదీలో రాబిగ్ ఊరి వెనక కొండల్లో ఒక పగులుకు అటూ ఇటూ రేకులు పెట్టించాను. రేకు అంటే మూడు అల్యూమినియం పలకలు ఒక మూలకు కలిపి బిగించినది. ఉపగ్రహం పంపిన రాడార్ తరంగం దానికి తగిలి వెనక్కి వెళ్తుంది. నేలతో పాటు అది కొన్ని మిల్లీమీటర్లు జరిగినా మాకు తెలుస్తుంది. అందుకే ఉపగ్రహం వెళ్లే వైపుకు లెక్క ప్రకారం వంచి పెడతాం.

ఎనిమిదో నెలలో ఒక రేకు ఉన్నట్టుండి జరిగినట్టు కనిపించింది. పగులు కదిలిందని ఆఫీసంతా సంబరపడింది. అందరికంటే ఎక్కువ నేనే. తీరా వెళ్లి చూస్తే నేల ఎక్కడిదక్కడే ఉంది. రేకు మాత్రం ముచ్చటగా, నిటారుగా నిలబడి ఉంది.

రేకుల మీద దుమ్ము తుడవడానికి ఒక మేస్త్రీ ఉన్నాడు, జగిత్యాల మనిషి.

"వంకరున్నది సార్. లెవల్ పెట్టి సాపు జేసిన," అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

నాకు కోపం నషాళానికి అంటింది. ఎనిమిది నెలల కొలతలు మట్టిపాలు. నోటికొచ్చినట్టు తిట్టి, రిపోర్టులో నీ పేరు రాస్తానన్నాను.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "అచ్చే నెల ఈడ ఉండనిచ్చే ఇకామా కాయితం అయిపోతది సార్. మీరు రాస్తే రెన్యువల్ జెయ్యరు, ఎగ్జిట్ గొట్టి ఇంటికి తోలుతరు." మెల్లగా అన్నాడు: "వంకరగ ఎందుకు పెట్టిండ్రో నాకెవలు జెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. బిగించిన రోజు అతను స్పానర్ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. నేను ఇంజనీరుతో ఇంగ్లీషులో మాట్లాడుకుని, అతని చేతికి గుడ్డ ఇచ్చి వచ్చేశాను. ఇద్దరిదీ తెలుగే. గుర్తొచ్చి సిగ్గేసింది.

రిపోర్టులో ఇలా రాశాను: రేకును ఎందుకు వంచామో చూసుకునే మనిషికి నేను చెప్పలేదు.

"వర్కర్ మిస్టేక్ అని ఒక లైన్ రాసుంటే సరిపోయేది కదా," అన్నాడు మా హైదరాబాదీ మేనేజర్. సరిపోయేదే. ఆ రేకుల పని నా చేతుల్లోంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. మేస్త్రీ ఇకామా రెన్యువల్ అయింది.

పని అప్పగించడానికి వెళ్లినప్పుడు అతన్ని కూర్చోబెట్టి, ఉపగ్రహం దారి ఇసుకలో పుల్లతో గీసి చూపించాను. పది నిమిషాలు పట్టింది.

"గింతేనా సార్?" అన్నాడు. "గీ ముచ్చట మొదాలే జెప్తే అయిపోవు గద."

అయిపోయేది.